ఆదివారం రోస్ట్, కొత్త ధర, డ్రిప్పింగ్ సంగతి

యార్క్‌లో మా రెస్టారెంటుకి వచ్చే మన తెలుగువాళ్లకి ఒక మాట. వచ్చే నెల నుంచి రోస్ట్ (ఓవెన్‌లో కాల్చిన మాంసం, పక్కన పుడింగ్, ఆలుగడ్డలతో ఇచ్చే భోజనం) ఆదివారం ఒక్కరోజే ఉంటుంది, ప్లేటు 18 పౌండ్ల నుంచి 21 అవుతుంది. బిల్లు చూశాక ఎవరూ బాధపడకూడదని ముందే చెప్తున్నా. బీఫ్ రేటు బాగా పెరిగింది, స్టాఫ్ జీతాల మీద మేం ప్రభుత్వానికి కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 2025 ఏప్రిల్‌లో 13.8 శాతం నుంచి 15కి వెళ్లింది, పైగా ఆ 21లో మూడున్నర పౌండ్లు వ్యాట్‌కే పోతాయి. ముక్క సైజు తగ్గించి పాత ధరే ఉంచడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడి యూనివర్సిటీ నుంచి, లీడ్స్ నుంచి వచ్చే మన పిల్లలు చాలామంది "అన్నా, మేం బీఫ్ తినం, చికెన్ రోస్ట్ ఇవ్వండి" అంటారు. కానీ పక్కన వచ్చే యార్క్‌షైర్ పుడింగ్ (పేరు పుడింగే గానీ స్వీట్ కాదు), ఆలుగడ్డలు రెండూ బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే ఎద్దు కొవ్వులో చేసేవే. మెనూలో రాసి ఉంటుంది, ఆర్డర్ తీసుకునేటప్పుడూ చెప్తాం, దాంతో వాళ్లు ఆ రెండూ వదిలేసి ఉత్త చికెన్ తిని వెళ్తుంటారు. యార్క్‌షైర్ దాకా వచ్చి ఆ పుడింగ్ తినకుండా వెళ్తే నాకు మనసొప్పట్లేదు.

ఆ పుడింగ్ చేసేది ఇలా: కొవ్వు వేసిన ట్రేని పొగ వచ్చేదాకా ఓవెన్‌లో కాచి, గుడ్లు, మైదా, పాలు కలిపిన చల్లటి పిండి పోస్తే సుయ్యిమంటూ అంచులు వెంటనే పైకి లేస్తాయి, ఆ తర్వాత ఇరవై నిమిషాలు తలుపు ముట్టుకోకూడదు, తీస్తే పొంగింది కాస్తా కుంగిపోతుంది. నాలుగు అంగుళాలు లేవకపోతే అది యార్క్‌షైర్ పుడింగే కాదని 2008లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ తేల్చింది! సన్‌ఫ్లవర్ నూనెతోనూ అంత ఎత్తు వస్తుంది. రుచిలో మాత్రం డ్రిప్పింగ్‌దే పైచేయి, అది దాచను.

అందుకని ఇకమీద చికెన్ రోస్ట్‌కి పుడింగ్, ఆలుగడ్డలు వేరే ట్రేల్లో నూనెతో చేస్తాం, గ్రేవీ కూడా చికెన్ స్టాక్‌తోనే. ఓవెన్ మాత్రం ఒక్కటే. షాంబుల్స్ అనే పాత వీధి దగ్గరి ఈ కలప బిల్డింగ్ లిస్టెడ్, అంటే చారిత్రక కట్టడంగా రక్షణలో ఉన్నది కాబట్టి రెండో ఓవెన్ కోసం గోడకి పొగ గొట్టం పెట్టాలంటే కౌన్సిల్ అనుమతి కావాలి, వందల ఏళ్లు నిలబడ్డ గోడని కొట్టడానికి నాకూ చేతులు రావు. ఒకే ఓవెన్ అంటే పట్టింపు ఉన్నవాళ్లు మొహమాటపడకుండా వద్దనండి.

శాకాహారులకి మష్రూమ్ పై (pie, పిండి పొరలో పుట్టగొడుగులు పెట్టి కాల్చేది) ఉంది, దాని పిండి వెన్నతో కలుపుతాం. స్టీమ్డ్ పుడింగ్‌ని స్వీటే కదా అని తీసుకోకండి, అందులో స్యూయెట్ అనే పశువుల కొవ్వు వేస్తాం. స్టికీ టాఫీ పుడింగ్‌లో అది లేదు, గుడ్డు మాత్రం ఉంది.

నూనె పుడింగ్ కావాలంటే శనివారం సాయంత్రంలోపు చెప్పండి, ఎన్ని ట్రేలు పెట్టాలో ఆ రాత్రే లెక్క చూసుకుంటాం.