పాత స్టోరేజీ కొనడానికి దారి తెరవండి: ఐటీ శాఖ మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఐటీ శాఖ మంత్రివర్యులకు నమస్కారం. డేటా దాచే పరికరాలను (స్టోరేజీని) సరిగ్గా పరీక్షించి, కొన్ని పనులకు పాతవి కూడా కొనే వీలు శాఖలకు కల్పించమని ఈ లేఖ.

2025 జనవరిలో జర్మనీలో ఒక గొడవ బయటపడింది. కొత్తవని బిల్లు వేసి అమ్మిన సీగేట్ ఎక్సోస్ హార్డ్ డ్రైవులు నిజానికి వేల గంటలు తిరిగినవని కొన్నవాళ్లు పట్టుకున్నారు. ఎన్ని గంటలు నడిచిందో చెప్పే స్మార్ట్ పట్టికను ఎవరో సున్నా చేసేశారు. అదే డ్రైవులో సీగేట్ విడిగా రాసుకునే ఫార్మ్ లాగ్ జోలికి మాత్రం పోలేదు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టేసరికి మోసం తేలిపోయింది.

మన శాఖల టెండర్లలో "పరికరం సరికొత్తదై ఉండాలి, రిఫర్బిష్డ్ (వాడి బాగుచేసినది) పనికిరాదు, తయారీదారు ఇచ్చిన ఎంఏఎఫ్ (అధికార పత్రం) జతపరచాలి" అన్న వాక్యం ఒక ఫైలులోంచి ఇంకో ఫైలులోకి కాపీ అవుతూ వస్తోంది. ఆ వాక్యం డ్రైవు ఎన్ని గంటలు తిరిగిందో అడగదు, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) ఏ వెర్షనో అడగదు. సరుకు దిగాక పెట్టె మీద సీలు చూసి సంతకం పెట్టేస్తాం. విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజను కొనే లారీ యజమాని స్టార్ట్ చేయించి, పొగ రంగు చూసి, ఆయిల్ గేజి తీసి వాసన చూస్తాడు. లక్షలు పెట్టి స్టోరేజీ కొనే చోట ఆ మాత్రం పరీక్ష కూడా రాసుకోలేదు.

ఖజానా, భూ రికార్డులు, రిజిస్ట్రేషన్లు లాంటి నిత్యం నడిచే వ్యవస్థల అసలు కాపీని పాత పెట్టెల మీద పెట్టమని మేము అడగడం లేదు. అక్కడ తయారీదారు సపోర్టుతో కొత్తదే ఉండాలి. మా విన్నపం ఆ వెనక వరసకు సంబంధించింది: బ్యాకప్‌లో రెండో నకలు, సీసీ కెమెరాల పాత ఫుటేజీ, ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులు, జిల్లా ఆసుపత్రుల ఎక్స్‌రే, స్కానింగ్ చిత్రాల అదనపు నకలు, లాగ్‌లు (కంప్యూటర్లు తమ పని గురించి రాసుకునే నమోదులు). కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచి ఉంచాలి. రోజూ రాసిపడేసి, ఏదైనా జరిగినప్పుడు తప్ప ఎవరూ తెరవని డేటా అది. దానికి సరికొత్త ఫ్లాష్ అర్రే (చాలా డ్రైవులను కలిపి ఒకే స్టోరేజీగా నడిపే పెట్టె) ఎందుకు?

పాతదైతే చాలు లాభమే అనుకోవడమూ పొరపాటే. 600 జీబీ, 10,000 ఆర్‌పీఎం డ్రైవులు 24 ఉన్న షెల్ఫ్‌ను తుక్కు ధరకు ఇస్తామంటారు. మొత్తం కలిపితే 14.4 టీబీ. రెండంటే రెండు 8 టీబీ డ్రైవులు పెట్టినా 16 టీబీ వస్తుంది. ఆ షెల్ఫ్ నిరంతరం 300 వాట్లు లాగిందనుకుందాం. ఏడాదికి 2,628 యూనిట్లు, ఏసీ ఖర్చు దానికి అదనం. ఉచితంగా ఇచ్చినా వద్దనాల్సిన సరుకది. అందుకే ఎల్1 (అతి తక్కువ ధర చెప్పిన బిడ్డరు) లెక్క కట్టేటప్పుడు పెట్టె ధర ఒక్కటే చూడకూడదు. ఐదేళ్ల కరెంటు, స్పేర్లు, ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) కలిపి వాడుకోదగ్గ ఒక్కో టీబీకి ఎంత పడుతుందో చూడాలి. అలా చూస్తే పాతవాటిలో నిలబడేవి చాలావరకు 3.5 అంగుళాల పెద్ద డ్రైవులు పట్టే షెల్ఫులే. ఉదాహరణకు నెట్‌ఆప్ డీఎస్4246లో 24 డ్రైవులు పడతాయి. కంట్రోలర్ (డ్రైవులను నడిపే అర్రే కంప్యూటర్) లేకుండానే, సరైన శాస్ (సర్వర్ డ్రైవులను కలిపే పద్ధతి) కేబులుతో, మామూలు శాస్ కార్డున్న లినక్స్ సర్వర్‌కు తగిలించుకోవచ్చు.

ఇక సరుకు దిగిన రోజు ఏం చేయాలో చెబుతాం. అసలు తేడాలు వచ్చేది ఇక్కడే.

ఈఎంసీ వీఎన్‌ఎక్స్, నెట్‌ఆప్ ఫ్యాస్ లాంటి అర్రేల నుంచి వచ్చే చాలా డ్రైవుల్లో సెక్టారు (డ్రైవు ఒక్కసారి రాసే ముక్క) 520 బైట్లు ఉంటుంది. మామూలు 512కి పైన ఉన్న 8 బైట్లలో అర్రే తన చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో తేల్చే అంకె) రాసుకుంటుంది. అలాంటి డ్రైవును సాధారణ లినక్స్ సర్వర్‌లో పెడితే కెర్నల్ ఆ సెక్టారు సైజు తనకు చేతకాదని లాగ్‌లో ఒక వాక్యం రాసి వదిలేస్తుంది. చూసేవాళ్లు డ్రైవు చచ్చిందనుకుంటారు. ఎస్‌జీ-ఫార్మాట్ అనే ఉచిత ఉపకరణంతో సైజు 512కి మార్చి ఫార్మాట్ చేస్తే లేచి కూర్చుంటుంది. గంటల తరబడి సాగే పని అది. మధ్యలో కరెంటు పోతే డ్రైవు ఫార్మాట్ చెడిందని మొండికేస్తుంది, మళ్లీ మొదటికి రావాలి. యూపీఎస్ లేని గదిలో ఈ పని మొదలుపెట్టకూడదు.

ఆ తర్వాత ప్రతి డ్రైవునూ ఒకసారి నిండా రాసి, ఒకసారి నిండా చదవాలి. దానికి ముందు స్మార్ట్ నివేదికలోంచి నడిచిన గంటలు, సరిదిద్దలేకపోయిన లోపాలు, గ్రోన్ డిఫెక్ట్ (వాడకంలో కొత్తగా చెడిన చోట్ల) జాబితా అంకె, ఎస్‌ఎస్‌డీ (చిప్పుల మీద రాసే డ్రైవు) అయితే అరిగిన శాతం రాసిపెట్టుకోవాలి. సీగేట్ డ్రైవు అయితే ఫార్మ్ లాగ్ గంటలూ తీయాలి. పరీక్ష అయ్యాక మళ్లీ చూసినప్పుడు డిఫెక్టుల అంకె పెరిగి ఉంటే ఆ డ్రైవు వాపసు పోవాల్సిందే. పాత లోపాలు నాలుగు ఉండి అక్కడే ఆగిన డ్రైవు కన్నా, సున్నాతో వచ్చి ఒక్క రోజులో మూడుకు పాకినదే ప్రమాదం. సమయం ఎంత పడుతుందో కూడా టెండర్‌లోనే రాయాలి. 4 టీబీ డ్రైవులు 24 ఒకేసారి సెకనుకు 150 ఎంబీ చొప్పున పరిగెత్తాలంటే మొత్తం 3,600 ఎంబీ దారి కావాలి. నాలుగు లేన్ల 6 గిగాబిట్ శాస్ కేబులు మోసేది దాదాపు 2,400. అంటే 96 టీబీ నిండా రాయడానికి 11 గంటలు, చదవడానికి ఇంకో 11. ఉదయం దించి సాయంత్రానికి ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద సంతకం అడిగే వెండరు ఈ పరీక్ష చేయలేదని అక్కడే తెలిసిపోతుంది.

అర్రేను మొత్తంగా కొనేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. వీఎన్‌ఎక్స్‌లో మొదటి ఎన్‌క్లోజర్ (డ్రైవుల పెట్టె)లోని మొదటి నాలుగు డ్రైవుల్లో అర్రే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. పాత యజమాని డేటా బయటికి పోకూడదని డ్రైవులన్నీ పీకేసి పెట్టె అమ్ముతాడు. బయటినుంచి చూస్తే అంతా బాగుంటుంది, పవర్ దీపాలూ వెలుగుతాయి, కానీ అర్రే మాత్రం బూట్ కాదు. కొనేముందే విక్రేత ఆ నాలుగింటితో సహా అర్రేను పూర్తిగా లేపి, రెండు కంట్రోలర్లూ ఒకదాని తర్వాత ఒకటి లాగి, డేటా రాకపోకలు (ఐఓ) ఆగకుండా రెండోదాని మీదికి మారడం చూపించాలి. క్యాష్ (రాయాల్సిన డేటాను కాసేపు దాచే మెమరీ) కరెంటు పోయినా చెడకుండా కాపాడే బ్యాటరీని కూడా అప్పుడే చూడాలి. బ్యాటరీ పోయిన అర్రే ఆగిపోదు. డేటా పోకుండా రైట్ క్యాష్‌ను కట్టేసుకుని, నేరుగా డ్రైవు మీద రాస్తుంది. రాత వేగం పడిపోతుంది. నెలల తరబడి "నెట్‌వర్క్ స్లో" అని నెట్‌వర్క్ వాళ్లను తిట్టుకునే కథలకు మూలం చాలాసార్లు ఈ బ్యాటరీయే.

ఫర్మ్‌వేర్ సంగతికి మంత్రుల స్థాయిలోనే మందు ఉంది కాబట్టి కాస్త ఓపికగా వినండి. 2019 నవంబరులో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ తన కొన్ని శాస్ ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక పనిచేయడం మానేస్తాయని, డేటా కూడా తిరిగి రాదని ప్రకటించింది. అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. 2020 మార్చిలో ఇంకో రకానికి 40,000 గంటల హెచ్చరిక వచ్చింది. రెండింటికీ మందు ఒకటే: ఆలోగా కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించడం. ఒక అర్రేలోని డ్రైవులన్నీ ఒకే రోజు స్విచ్ ఆన్ చేసినవైతే అన్నీ ఇంచుమించు ఒకేసారి పోతాయి. ఒకటి రెండు డ్రైవులు పోయినా డేటాను కాపాడే రెయిడ్ పద్ధతి అక్కడ ఏమీ చేయలేదు. మూడు, నాలుగేళ్లు వాడి అమ్మే సరుకు సరిగ్గా ఈ గంటల దగ్గరే చేతులు మారుతుంది. అప్పుడు ఫర్మ్‌వేర్ కావాలని వెళితే సపోర్టు కాంట్రాక్టు నంబరు అడుగుతారు. ఆ నంబరు పాత యజమానిది, గడువు తీరినది.

ఐరోపా సమాఖ్య దీనికి చట్టం చేసింది. 2019/424 నియంత్రణ ప్రకారం సర్వర్లు, స్టోరేజీ పరికరాల తాజా ఫర్మ్‌వేర్‌ను ఆ మోడల్‌లో చివరి పరికరం మార్కెట్లోకి వచ్చాక కనీసం 8 ఏళ్లు అందుబాటులో ఉంచాలి. భద్రతా అప్‌డేట్లయితే ఉచితంగానే ఇవ్వాలి. మామూలు అప్‌డేట్లకు డబ్బు తీసుకున్నా అది న్యాయమైన, అందరికీ ఒకే తీరు ధర కావాలి. అతిచిన్న, అతిపెద్ద రకాలకు మినహాయింపు ఉంది, మధ్యరకం అర్రేలకు లేదు. మన దేశంలో 2022లో మొదలైన రిపేరు హక్కు కసరత్తు సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ యంత్రాల దగ్గర మొదలైంది. డేటా సెంటర్ ర్యాకు ఆ జాబితాలో లేదు. కేంద్రం చట్టం చేసేదాకా మీరు ఆగనక్కర్లేదు. ఇవాళ కొత్త స్టోరేజీ కొనే ప్రతి ఒప్పందంలో మూడు మాటలు చేర్చండి: వారంటీ ముగిసినా 8 ఏళ్లు ఫర్మ్‌వేర్ ఇవ్వాలి, లైసెన్సులు ఇంకో ప్రభుత్వ సంస్థకు బదిలీ చేసుకోనివ్వాలి, సర్వీసు పాస్‌వర్డులు అప్పగించాలి. లైసెన్సులను కంట్రోలర్ సీరియల్ నంబరుకు ముడివేసే కంపెనీలు ఉన్నాయి. ఆ ముడి కొనేముందు విప్పించుకోవాలి, తర్వాత విప్పరు.

సపోర్టు విషయంలో మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది "4 గంటల రెస్పాన్స్" అన్న మాట దగ్గర. నాలుగు గంటల్లో ఫోన్ చేస్తే రెస్పాన్స్ ఇచ్చినట్టే లెక్క. ఒప్పందంలో అర్రే తిరిగి పనిచేయాల్సిన గడువు రాయాలి, అది దాటిన ప్రతి గంటకు కోత రాయాలి. విడిభాగం ఏ ఊళ్లో ఉందో రాయాలి: చెన్నైలో స్పేరు పెట్టుకుని శ్రీకాకుళానికి నాలుగు గంటల హామీ ఇచ్చే వెండరును ఆ కాగితంతోనే ఆపొచ్చు. ఇంతకన్నా నమ్మకమైనది సొంత బీరువా. 24 డ్రైవుల షెల్ఫ్‌కు మూడు డ్రైవులు, ఒక పవర్ సప్లై, ఒక కంట్రోలర్ లేదా ఐఓ మాడ్యూలు, రెండు కేబుళ్లు, ఒక క్యాష్ బ్యాటరీ మొదటి బిల్లులోనే కొనాలి. డ్రైవు ఆ అర్రే కంపెనీ ఫర్మ్‌వేర్ ఉన్నదే కావాలి. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అదే సీగేట్ మోడల్ దొరికినా చాలా అర్రేలు దాన్ని తిప్పికొడతాయి. బీరువాలో ఉన్న డ్రైవులను ఆరు నెలలకోసారి తిప్పి చదవాలి. లేకపోతే అవసరమైన రాత్రి ఆ స్పేరే పోయి ఉంటుంది.

పాత అర్రేల మేనేజ్‌మెంట్ తెరలు కాలం చెల్లిన జావా, పాత ఎన్‌క్రిప్షన్ మీద నడుస్తాయి. వాటిని విడి వీల్యాన్‌లో (మిగతా నెట్‌వర్క్ నుంచి వేరుచేసిన భాగంలో) కట్టేసి, ఇంటర్నెట్ వాసన తగలకుండా ఉంచాలి. దీనికి మినహాయింపు అడిగే శాఖకు పాత అర్రే ఇవ్వకండి.

చివరిగా, ప్రభుత్వం తనవి వదిలించుకునే తీరు. ఐదేళ్లు నిండిన స్టోరేజీ వేలంలో తూకం లెక్కన పోతే రెండు నష్టాలు. మరో శాఖకు పదేళ్ల స్పేర్లయ్యే పెట్టె తుక్కవుతుంది, లోపలి డేటా ఎవరి చేతికి పోతుందో తెలియదు. డేటా చెరిపివేతలో అనుభవం లేని సామాను తరలింపు సంస్థకు ఆ పని అప్పగించినందుకు 2022 సెప్టెంబరులో ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ అమెరికాలో 3.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో భద్రతా చర్యల లోపానికి గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. చెరపడం ఎలాగన్నది అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 800-88 మార్గదర్శకంలో ఉంది. హార్డ్ డ్రైవుకు పూర్తిగా తిరగరాత సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీకి సరిపోదు, దాని లోపల మనకు కనపడని అదనపు జాగా ఉంటుంది. డ్రైవు తనంతట తానే అంతా చెరుపుకునే సానిటైజ్ ఆదేశం ఇవ్వాలి, లేదా ఎన్‌క్రిప్షన్ తాళాన్ని చెరిపేయాలి. అయస్కాంత యంత్రంలో పెడితే ఎస్‌ఎస్‌డీలో డేటా అలాగే ఉంటుంది. సర్టిఫికెట్ మీద డ్రైవుల సంఖ్య ఉంటే లాభం లేదు, ఒక్కో డ్రైవు సీరియల్ నంబరు ఉండాలి. 2022 ఈ-వేస్ట్ నిబంధనల కింద నమోదైన రిఫర్బిషర్లకు అప్పగించే వీలుంది కాబట్టి తుక్కు కొట్టే ముందు ఆ తలుపు తట్టాలి.

రెండు రాష్ట్రాల టెక్నాలజీ సర్వీసెస్ సంస్థలూ తమ నమూనా టెండర్‌లో "పునరుద్ధరించిన స్టోరేజీ, ద్వితీయ నకళ్లకు మాత్రమే" అన్న ఒక విభాగం చేర్చేలా ఉత్తర్వు ఇవ్వండి. అందులో ఎంఏఎఫ్ స్థానంలో పైన చెప్పిన అంగీకార పరీక్షలు, బీరువా స్పేర్ల పట్టిక, తిరిగి పనిచేసే గడువు ఉండాలి. మొదట ఒక్క లాగ్ సర్వర్ కొనుగోలుతో మొదలుపెట్టండి. ఏడాది తిరిగాక ఎన్ని డ్రైవులు పోయాయో, ఎన్ని యూనిట్లు కాలాయో, ఎన్ని గంటలు ఆగిందో అంకెలు యథాతథంగా శాఖ వెబ్‌సైట్‌లో పెట్టండి. రెండో టెండర్ ఆ అంకెలు చూసి రాయండి.

ఇట్లు,
స్టోరేజీ నిర్వహణలో పనిచేస్తున్న ఇంజినీర్లం
హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం