క్యాల్షియం ఇచ్చి మూడుసార్లు అర్జీ మూసేశారు, మా అమ్మకు రాసిన మందు ఇంకా రాలేదు

రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అనంతపురం జిల్లా పడమటి వైపు పల్లె నుంచి నమస్కారాలతో రాస్తున్నాను.

అయ్యా, ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకు సర్కారు ఆసుపత్రిలో మందు ఇప్పించమని ఏడాదిన్నరలో మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మూడుసార్లూ సోమవారం కుట్టుపని మానుకొని, తొలి బస్సుకు పోయి, లైన్లో నిలబడి, రసీదు తీసుకొని వచ్చాను. మూడుసార్లూ నా ఫోనుకు ఒకటే మెసేజ్ వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఎట్ల పరిష్కారమైందో చూడమని సచివాలయంలో అడిగితే, అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూసి చదివింది: "రోగికి క్యాల్షియం మాత్రలు అందజేయడమైనది."

నేను క్యాల్షియం అడగలేదయ్యా. అది ముందు నుంచీ ఇస్తూనే ఉన్నారు, ఇచ్చినందుకు సంతోషమే. నేను అడిగింది అలెండ్రోనేట్, 70 మి.గ్రా., వారానికి ఒక మాత్ర. మా అమ్మకు తుంటి ఆపరేషన్ చేసిన డాక్టరు గారు డిశ్చార్జి కాగితంలో రాసిన పేరు అది. మొదటి అర్జీలో ఆ పేరును అక్షరం అక్షరం చూసి రాశాను. రెండో అర్జీకి ఆ కాగితం జిరాక్సు జతచేశాను. మూడోసారి ఆ పేరు కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను. అయినా మళ్లీ క్యాల్షియమే అందింది.

ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర అడిగితే "ఇది మాకు రాదమ్మా, బయట కొనుక్కోండి" అంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఉన్నది ఇస్తారు, లేనిది ఎక్కడి నుంచి తెస్తారు? కానీ ఆ మందు జాబితాలోనే లేదా, జాబితాలో ఉండి రావడం లేదా, ఆసుపత్రి వాళ్లు కావాలని పైకి రాసి ఇండెంట్ పెట్టడం లేదా? ఈ ఒక్క ప్రశ్నకు ఏడాదిన్నరగా ఒక్కరు కూడా జవాబు చెప్పలేదు.

మా అమ్మ సంగతి కొంచెం చెప్పనివ్వండి. ఆమెకు ఇప్పుడు 64 ఏళ్లు. నేను టైలర్‌ని, ఆమె జాకెట్లు నేనే కుడతాను. ఐదేళ్లలో మూడుసార్లు ఆమె కొలత మార్చాను. వీపు వంగుతూ వచ్చేకొద్దీ వెనక భాగం పొడవు పెంచాల్సి వచ్చింది, ముందు భాగం తగ్గించాల్సి వచ్చింది. లేకుంటే వెనక పైకి లేచిపోతుంది, ముందు ముడతలు పడతాయి. వయసైపోయిందిలే అనుకొని టేపు పట్టి, పుస్తకంలో కొట్టేసి, కొత్త అంకె రాసుకున్నాను. వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి నలిగి కుంగిపోతున్నాయని నాకేం తెలుసు? అమ్మ రోజూ సాయంత్రం దీపం పెట్టే గూడు ఆమెకు అందకుండా పోయింది. ఒకరోజు చిన్న పీట తెచ్చుకొని ఎక్కుతుంటే చూసి, గూడు ఎత్తు పెరగదు కదా అని నాకు అప్పుడు తట్టింది. అప్పటికే ఆలస్యమైంది.

ఆ నడుంనొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఏడాది పాటు సూదులు వేశాడు, చిన్న తెల్ల మాత్రలు ఇచ్చాడు. వేసుకుంటే హాయిగా ఉండేది, అమ్మ లేచి పనికి పోయేది. అవి స్టెరాయిడ్ మాత్రలని తర్వాత తెలిసింది. నెలల తరబడి వాడితే అవే ఎముకలను తినేస్తాయి. నొప్పి తగ్గిందని మేము అతనికి దండం పెట్టుకున్నాం.

తర్వాత రెండేళ్ల కిందట, నీళ్ల తొట్టి దగ్గర కాలు జారింది. పెద్ద దెబ్బేమీ కాదు, కూర్చున్నట్టుగా పడింది, అంతే. తుంటి విరిగింది. "నాకు పడినాక ఇరగలేదు మే, ఇరిగినాకనే పడినట్టుండాది" అంటుంది అమ్మ ఇప్పటికీ.

ఆపరేషన్ పథకం కింద ఉచితంగా జరిగింది. మీ ప్రభుత్వానికీ, అంతకు ముందు ప్రభుత్వాలకూ, ఆ పథకం తెచ్చిన వాళ్లకూ చేతులెత్తి మొక్కుతున్నాను. 2007లో ఆరోగ్యశ్రీ మొదట మూడు జిల్లాల్లోనే మొదలైంది, వాటిలో మా అనంతపురం ఒకటి. పేర్లు మారినా ఆ పథకం మా వాళ్లను ఎంతమందిని బతికించిందో మాకు తెలుసు. రాడ్డుకు, ఆపరేషన్‌కు, మంచానికి, భోజనానికి మా చేతి నుంచి రూపాయి పడలేదు. కానీ డిశ్చార్జి రోజు డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు: "ఇది కుట్టు వేసినట్టేనమ్మా, గుడ్డ చీకిపోయింది కాబట్టి ఇంకోచోట చిరుగుతుంది. మందు వాడకపోతే రెండో తుంటి కూడా ఇంతే." నేను టైలర్‌నని తెలిసి అట్ల చెప్పారో ఏమో, ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

విరిగిన ఎముకకు పథకం ఉంది. ఇంకో ఎముక విరగకుండా వేసుకోవాల్సిన మాత్రకు మాత్రం మమ్మల్ని బయట షాపుకు పొమ్మంటున్నారు. నా బాధంతా ఇదేనయ్యా. రెండో తుంటి విరిగితే ఆ ఆపరేషన్‌కు కూడా ప్రభుత్వమే డబ్బులు కడుతుంది. మంచం పడితే, పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను కూడా మీరే ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే, కాదనను. అంత పెద్ద మనసున్న ప్రభుత్వానికి వారానికి ఒక్క మాత్ర బరువైందా?

అర్జీలు మూసే అధికారులకు క్యాల్షియానికీ ఈ మందుకూ తేడా తెలియలేదేమోనని ఇక్కడ రాస్తున్నాను. మా పాప బీఫార్మసీ చదువుతోంది, నాకు ఆమె చెప్పింది. మా పాత మట్టి మిద్దెల మీద ఏటా వానలకు ముందు చౌడు పరుస్తారు, వానకు కొట్టుకుపోయింది కొట్టుకుపోతుంది, మళ్లీ పరుస్తారు. ఎముక కూడా అట్లాంటిదే. పాత ఎముకను ఒకవైపు ఒళ్లే కరిగిస్తూ ఉంటుంది, ఇంకోవైపు కొత్తది కడుతూ ఉంటుంది. ముట్లు ఆగిపోయాక కరగడం ఎక్కువవుతుంది, కట్టడం దాన్ని అందుకోలేదు. క్యాల్షియం, విటమిన్ డి అంటే గంపతో మన్ను తెచ్చిపెట్టడం. అది కావాలి, అది లేకుండా మందు కూడా సరిగా పనిచేయదు. కానీ కొట్టుకుపోవడాన్ని తగ్గించేది అలెండ్రోనేట్. మిద్దె ఒకవైపు జారిపోతుంటే మన్ను గంప ఇచ్చి పని పూర్తయిందని రాసుకుంటే ఎట్ల?

రాగులు తినమని చెప్పే వాళ్లు కూడా ఉన్నారు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుందని పాప లెక్క చెప్పింది. మా అమ్మ పుట్టినప్పటి నుంచి సంగటి మీదే బతికింది. ఎండలో శెనక్కాయ పీకి, కలుపు తీసి పెరిగిన ఒళ్లు. మరి ఆమెకెందుకు వచ్చింది?

33వ ఏట గర్భసంచి తీయించారు. ముట్టు ఎక్కువగా అవుతోందని టౌనుకు పోతే ఆపరేషన్ అన్నారు, చేయించుకొని నెలకే చేనికి పోయింది. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారని మొన్న తుంటి విరిగినప్పుడు స్కానింగులో తెలిసింది. యాభై దగ్గర రావాల్సిన మార్పు ఆమె ఒంటికి 33కే వచ్చింది. ఇది మా అమ్మ ఒక్కదాని కథ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూడండి, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ముందు వరసలో ఉన్నది మనమే. వాళ్లందరూ ఇప్పుడు యాభై, అరవైల్లోకి వస్తున్నారు. నా కొలతల పుస్తకంలో మా ఊరి ఆడవాళ్లు పదకొండు మందికి వీపు కొలత మార్చినట్టు ఉంది. పోయిన నెల కూర్చొని ఒక్కొక్క పేజీ తిప్పి లెక్కపెట్టాను. అందులో ఏడుగురు సంచి తీయించుకున్న వాళ్లు. ఒక్కరు కూడా ఎముకల పరీక్షకు పోలేదు. ఎముకల సాంద్రత చూసే డెక్సా మిషన్ మాకు దగ్గర్లో లేదు. మా అమ్మకు బెంగళూరు తీసుకుపోయి చేయించాం, రానుపోను కారు బాడుగే పరీక్ష కన్నా ఎక్కువైంది.

ఇప్పుడు మాత్ర మేమే కొంటున్నాం. వారంలో ఆదివారం మా ఇంట్లో వేరేగా ఉంటుంది. అమ్మ ఐదున్నరకు లేస్తుంది. పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మాత్ర మింగుతుంది. అన్నం దిగే గొట్టంలో ఇరుక్కుంటే పుండు పడుతుందని అరగంట పడుకోకూడదు, వంగకూడదు. టీ కూడా తాగకూడదు. సరిగ్గా వేసుకున్నా మందులో నూటికి ఒక వంతు కూడా ఒంట్లోకి పోదంట, ఇంక టీతోనో క్యాల్షియంతోనో కలిపి వేసుకుంటే అది కూడా తగ్గిపోతుంది. గోడకు ఆనుకొని, ఎదురుగా గడియారం పెట్టుకొని కూర్చుంటుంది. చదువు రాదు, పెద్ద ముల్లు ఆరు మీద నుంచి పన్నెండుకు వచ్చేవరకు అని నేర్పించాను.

పోయిన సంక్రాంతికి షీటు చూస్తే ఉండాల్సిన దానికంటే మాత్రలు ఎక్కువ ఉన్నాయి. అడిగితే ముందు చెప్పలేదు. గట్టిగా అడిగితే, "రెండు వారాలకొగటి మింగుతాండా, దుడ్లు మిగులుతాయని" అంది. నెలకు 4,000 పింఛనులోంచి నాకు భారం కాకూడదని. అయ్యా, ఆ పొద్దు నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఆదివారాల్లో కూడా నన్ను నమ్మించడానికి ఉత్త నీళ్లు తాగి అరగంట కూర్చుందంట.

మాట ఇచ్చిన సంగతి కూడా గుర్తు చేయాలి. అక్టోబరు 20 ప్రపంచ ఆస్టియోపొరోసిస్ దినం, అంటే ఎముకలు గుల్లబారే ఈ జబ్బు గురించి చెప్పే రోజు. ఆ రోజు మా మండలంలో క్యాంపు పెట్టారు, మడమ మీద చిన్న మిషన్ పెట్టి చాలామందికి చూశారు. అందులో ఎక్కువమందికి "ఎముకలు వీక్" అని చీటీ ఇచ్చారు. ఆ మిషన్ అనుమానం మాత్రమే చెబుతుంది, ఖాయం చేయాలంటే డెక్సా కావాలి. ఆ మాట ఎవరూ వాళ్లకు చెప్పలేదు. జిల్లా నుంచి వచ్చిన అధికారి మైకులో, నెలరోజుల్లో ఈ మాత్రలు 104 బండిలోనే మీ ఊరికి వస్తాయి అన్నారు. మేము చప్పట్లు కొట్టాం. బీపీ, షుగరు మాత్రలు బండిలో వస్తున్నాయి, ఆ మేలు మరవం. ఈ మాత్ర కోసం మాత్రం మా వీధి ముసలమ్మలు ఆ చీటీలు కొంగులో కట్టుకొని నాలుగు నెలలు బండి దగ్గరికి పోయారు. తర్వాత మానుకున్నారు. ఆ చీటీ చూపించిన వాళ్లలో ఒకామె ఈ వేసవిలో తుంటి విరిగి, వయసు ఎక్కువని ఆపరేషన్ వద్దనుకొని, మంచంలోనే పుండ్లు పడి చనిపోయింది.

మాత్ర మింగడం కష్టమైన వాళ్లకు, మరిచిపోయే వాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా., ఏడాదికి ఒక్కసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. ముందు కిడ్నీ పరీక్ష, రక్తంలో క్యాల్షియం చూసుకోవాలి. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. 2007లో వచ్చిన పెద్ద పరిశోధనలో తుంటి ఆపరేషన్ అయిన వాళ్లకు ఇది ఇస్తే, మళ్లీ ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. మా పల్లెలకు ఇంతకంటే అనువైనది ఏముంది? ఏటా ఒక్క రోజు ఏరియా ఆసుపత్రికి రమ్మంటే ఎట్లైనా తీసుకొని వస్తాం. తుంటి ఆపరేషన్ ప్యాకేజీలోనే దీన్ని చేర్చండి. ఉత్త ఇంజెక్షన్‌కు పథకం వర్తించదని మాకు చెప్పారు. ఆపరేషన్ అయిన వాళ్లకైనా వర్తింపజేయండి.

ఆర్నెల్లకొకసారి వేసే డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ ఉందట. దాన్ని మధ్యలో ఆపితే ఎముక వేగంగా తగ్గి వెన్నుపూసలు ఒకటి తర్వాత ఒకటి విరిగే ప్రమాదం ఉందని పాప చెప్పింది. సరఫరా ఆగదని మీరు హామీ ఇవ్వలేకపోతే అది మాకు మొదలుపెట్టవద్దు. మాకు ఖరీదైనవి వద్దు, నిలకడగా దొరికేవి ఇవ్వండి. ఈ మందులన్నిటికీ పళ్ల డాక్టరు చూపు, కొన్నేళ్లకొకసారి ఆపాలా వద్దా అని పెద్ద డాక్టరు చూపు కూడా అవసరం. ఉన్న డాక్టర్లనే నెలకొకరోజు మా వైపు పంపించినా చాలు.

ముప్పై దాటిన వాళ్లకు ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు, క్యాన్సర్ అడుగుతున్నారు కదా, ఆ కాగితంలో రెండు ప్రశ్నలు కలపండి. గర్భసంచి ఎప్పుడు తీశారు? చిన్నగా పడితే ఎప్పుడైనా ఎముక విరిగిందా? కావాలంటే నా కొలతల పుస్తకం తెచ్చి చూపిస్తాను.

అలెండ్రోనేట్ మాత్ర ఇప్పించండి. మళ్లీ అదే అడుగుతున్నాను. క్యాల్షియం కాదు. ఈ లేఖ కూడా ఎవరైనా అర్జీగా నమోదు చేస్తే, మూసేముందు ఒక్కసారి మా అమ్మకు ఫోన్ చేయించండి. ఆమె నంబరు మూడు అర్జీల మీదా ఉంది. ఆదివారం పొద్దున ఐదున్నరకు వేసుకునే మాత్ర వచ్చిందా అని అడగండి. ఆమె వచ్చిందంటేనే మూయండి.

ఇట్లు,
తుంటి విరిగిన ఒక తల్లి కూతురు,
అనంతపురం జిల్లా