కార్యదర్శి వార్షిక నివేదిక: మన సంఘంలో సభ్యత్వం ఎవరికి?

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులకు, ఆదివారం ఉదయాలను వార్డు పనికి ఇచ్చిన కార్యకర్తలకు నమస్కారం.

ఈ నివేదిక చివర మన వార్డు సంఘం నియమావళిలోని సభ్యత్వ నిబంధనకు ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. దాని మీద ఈ రోజే ఓటు వేయాలి. ఏడాదిలో చేపట్టిన పనులన్నీ తిరిగి తిరిగి ఆ సవరణ దగ్గరికే వచ్చాయి కాబట్టి నెలల వారీగా కార్యక్రమాల చిట్టా చదవడం లేదు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి అందరికీ విడిగా ఇచ్చారు. ఏ పార్టీ నుంచీ, మన వార్డులో పని చేసిన ఏ గుత్తేదారు నుంచీ విరాళం తీసుకోలేదన్న ఒక్క మాట మాత్రం నా వైపు నుంచి చేరుస్తున్నాను.

ముందు రోడ్డు సంగతి. కొత్తగా వేసిన రోడ్డు మీద ఒక్క వానాకాలం గడిచేసరికి కంకర తేలింది. వినతిపత్రాలు ఇచ్చాం, ఫోటోలు పంపాం, కార్యాలయం మెట్లెక్కి దిగాం. ఫలితం లేకపోవడంతో ఈసారి ఫిర్యాదు మానేసి లెక్క అడిగాం. 2005 సమాచార హక్కు చట్టం కింద అంచనా పత్రం, గుత్తేదారుతో ఒప్పందం, ఇంజినీర్లు నింపే కొలతల పుస్తకం, ఈ మూడింటి నకళ్లు కోరాం. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని చట్టమే అంటోంది. 30 రోజుల్లో జవాబు రాలేదు. మొదటి అప్పీలు వేశాక కాగితాలు వచ్చాయి. గడువు దాటింది కనుక వాటిని ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7 చూపించాం, అలాగే ఇచ్చారు.

ఆ చట్టంలోని సెక్షన్ 2(జె)ని ప్రతి సభ్యుడూ ఒకసారి చదవాలని నా కోరిక. మన హక్కు కాగితాల నకళ్లతో ఆగిపోదు. జరిగిన పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనాలు తీసుకోవచ్చు. రోడ్డు ముక్క కూడా చట్టం దృష్టిలో సమాచారమే. మేం తనిఖీ కోరిన రోజున అధికారులు వచ్చారు, వాళ్లతో పాటు మన కార్యకర్తలూ టేపు పట్టుకుని నిలబడ్డారు. కొలతల పుస్తకంలో రాసిన మందం రోడ్డు అంచున కనిపించలేదు.

అయితే ఆ తేడాను పట్టింది చదువుకున్న మాలో ఎవరమూ కాదు. రెండో వీధిలో అద్దెకు ఉండే ఒక మేస్త్రీ. అంచున వంగి, వేలితో పొరను చూపించి, అడుగున పరవాల్సిన కంకర ఎంత తగ్గిందో నోటితోనే లెక్క కట్టి చెప్పారు. తరువాత కొలిస్తే ఆయన చెప్పినదానికి దగ్గరగానే వచ్చింది. ఆ తనిఖీ పత్రం మీద సంఘం తరఫున సంతకం చేయమని ఆయనను అడగబోయి ఆగిపోయాం. మన నియమావళి ప్రకారం సభ్యత్వం సొంత ఇల్లు ఉన్నవారికే. ఆ రోజు దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

కాగితాలు చేతికొచ్చాక వాటిని ఫైల్లో పెట్టుకోకుండా వీధి మలుపులో నిలబడి బిగ్గరగా చదివాం. ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. రాజస్థాన్‌లో 1990లో ఏర్పడిన కూలీల, రైతుల సంఘం మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్ కిరానాలో తొలి బహిరంగ విచారణ జరిపింది. కూలీల హాజరు పట్టీలు, బిల్లులు ఊరందరి ముందు చదివి వినిపిస్తే, పని చేయనివారి పేర్లకు, జరగని పనులకు డబ్బు చెల్లించిన సంగతి అక్కడే తేలిపోయింది. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. "మా డబ్బు, మా లెక్క" అన్న వాళ్ల నినాదం దేశానికి సమాచార హక్కు చట్టం రావడంలో ఒక ముఖ్యమైన మలుపు. మన వీధి మలుపులో చదివింది ఒక్క రోడ్డు కాగితాలే. అయినా వినడానికి వచ్చినవారు కదలకుండా విన్నారు. పని పూర్తయ్యాక కూడా కొంతకాలం మరమ్మతు బాధ్యత గుత్తేదారుదేనని ఒప్పందంలోనే రాసి ఉంది. ఆ వాక్యం బయటికి వచ్చాక పాడైన భాగాన్ని తిరిగి వేశారు.

తోపుడు బండ్ల విషయం ఇంత సాఫీగా జరగలేదు. దీన్ని దాచకుండా చెప్పాలి.

బస్టాపు పక్క సందులో బండ్ల వల్ల నడవడానికి దారి లేదని, వాటిని తొలగించాలని మన కార్యవర్గం తీర్మానించింది. నగరపాలక సంస్థకు పంపిన వినతిపత్రం మీద సంతకం నాది. కొన్ని వారాలకు ఒక ఉదయం లారీ వచ్చింది. బండ్లు, తూకాలు, గొడుగులు ఎత్తుకుపోయారు. సందు ఖాళీ అయింది. ఆ సాయంత్రం మన కార్యకర్తల్లో ఇద్దరు అమ్మాయిలు 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం ప్రతి తెచ్చి నా ముందు పెట్టారు. "ఇది చదివి సంతకం చేశారా, మేడమ్?" అని అడిగారు. చదవలేదు.

ఆ రాత్రి చదివాను. సర్వే పూర్తయి, విక్రయదారులందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించకూడదని సెక్షన్ 3 చెబుతోంది. ఆ తరువాతైనా 30 రోజుల నోటీసు లేకుండా కదిలించకూడదు. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా ఇవ్వాలి. చెడిపోయే సరుకును అడిగిన రోజే, మిగతాదాన్ని రెండు పని దినాల్లో తిరిగి ఇవ్వాలి. ఎక్కడ అమ్మాలి, ఎక్కడ అమ్మకూడదు అన్న ప్రణాళికలో పట్టణ విక్రయ కమిటీకి పాత్ర ఉంది. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రయదారులు తమలోంచి ఎన్నుకున్న ప్రతినిధులై ఉండాలి, వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. ఇంత స్పష్టంగా రాసి ఉన్న చట్టానికి ఎదురుగా వెళ్లి, పౌరసేవ అనుకుంటూ మనం సంతకం చేశాం.

మరునాడు కార్యవర్గాన్ని అత్యవసరంగా పిలిచాను. వాదన చాలాసేపు సాగింది. నడిచే దారి హక్కు మాటేమిటని అడిగిన పెద్దలు తప్పుగా అడగలేదు. కర్రతో నడిచేవారు రోడ్డు మీదికి దిగవలసి రావడం నిజమే. చివరికి వినతిపత్రాన్ని రాతపూర్వకంగా వెనక్కి తీసుకున్నాం. సరుకు తిరిగి ఇప్పించడానికి విక్రయదారులతో కలిసి కార్యాలయానికి వెళ్లాం. కొన్ని తూకాలు దొరికాయి, కొన్ని దొరకలేదు.

అక్కడ వరండాలో కూర్చున్నప్పుడు పూలమ్మే ఒక పెద్దావిడ నాతో అన్నారు: "మీ మీటింగులో మా గురించి మాట్లాడుకున్నారు కదమ్మా, మమ్మల్ని కూడా పిలిచి ఉంటే ఎక్కడ నిలబడాలో మేమే చెప్పేవాళ్లం." ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తరువాతి వారం ఆమే చెప్పారు. గోడ వైపు ఒకే వరుస, మలుపు దగ్గర ఖాళీ, బడి వదిలే వేళకు గేటు ముందు ఎవరూ ఉండకూడదు. చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు కొలిచి సున్నంతో గీత గీశాం. ఆ గీతను విక్రయదారులే కాపాడుతున్నారు. చెరిగినప్పుడల్లా తిరిగి గీస్తున్నది వాళ్లే. నడిచే దారి మనకు దక్కింది, బతుకుదెరువు వాళ్లకు మిగిలింది. ఇంత చిన్న పరిష్కారం మన కార్యవర్గానికి తట్టకపోవడానికి కారణం ఒకటే. ఆ సందులో రోజంతా నిలబడేవారు మా మధ్య ఒక్కరూ లేరు. అధికారిక సర్వే ఇంకా మన వార్డుకు రాలేదు. దాని కోసం విక్రయదారులు రాసిన దరఖాస్తుకు మనం తోడుగా సంతకం చేశాం.

మ్యాన్‌హోల్ విషయం క్లుప్తంగా చెబుతాను, కానీ అది చిన్నదని కాదు. ఒక అపార్ట్‌మెంటు వద్ద పూడిన మురుగు గుంటలోకి తాడు కట్టి మనిషిని దింపబోతుండగా మన కార్యకర్తలు ఆపారు. దింపిస్తున్నది మన సభ్యులే. మనుషులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడం నేరం. ఆ నిషేధం ప్రభుత్వ సంస్థలతో పాటు వ్యక్తులకూ వర్తిస్తుంది. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ పనిని అంతం చేయాలని పోరాడే సఫాయీ కర్మచారీ ఆందోళన్ అనే ఉద్యమ సంస్థ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసులో 2014 మార్చిలో వచ్చిన తీర్పు, 1993 నుంచి మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల చొప్పున పరిహారం ఇవ్వాలంది. 2023లో మరో తీర్పు దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ ఉద్యమానికి వెన్నెముకగా నిలిచిన బెజవాడ విల్సన్, ఆయనకు తోడుగా నిలిచిన విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ మన తెలుగు నేల మీద ఈ పని చేశారు. వాళ్లను తలచుకునే అర్హత మనకు కావాలంటే, మన సభ్యుల ఇళ్లలో ఇక ఎవరూ మనిషిని గుంటలోకి దింపకూడదు. యంత్రాల వాహనాన్ని పిలిచే ఫోను నంబరును ప్రతి అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద అంటించాం. ఆ రోజు తాడు కట్టుకున్న యువకుడు మన వార్డువాడే. అతని కుటుంబంలో ఎవరికీ ఓటు లేదని అప్పుడే తెలిసింది.

ఓటర్ల జాబితా పని అలా మొదలైంది. ఇంటింటికీ వెళ్లాం. కొత్త పేర్లకు ఫారం-6, చిరునామా మార్పుకూ తప్పుల సవరణకూ ఫారం-8 నింపించాం. పేరు తొలగించమనే ఫారం-7ను మాత్రం మన కార్యకర్తలెవరూ ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాం. ఎవరి ఓటునైనా తీయించే పని మనది కాదు. 2022 నుంచి అర్హత తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. 18 నిండడానికి ఏడాది మొత్తం ఎదురుచూడనక్కర్లేదని కాలేజీ పిల్లలకు చెబితే వాళ్లే తమ స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చారు.

వంతెన కింద పడుకునేవారి దగ్గర ఎక్కువ సమయం పట్టింది. ఇల్లు లేకపోతే ఓటు ఉండదని వాళ్లూ అనుకున్నారు, మనవాళ్లలోనూ కొందరు అనుకున్నారు. అది నిజం కాదు. నివాసానికి పత్రం లేకపోయినా సరే, వాళ్లు చెప్పిన చోటే పడుకుంటున్నారా అని బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వచ్చి చూడాలని ఎన్నికల సంఘం ఆదేశాలున్నాయి. ఆ అధికారి వచ్చిన రాత్రి మన కార్యకర్తలు ముగ్గురు తోడున్నారు. రాసుకున్న పేర్లలో కొన్ని జాబితాలోకి వచ్చాయి. మిగతావాటి కోసం తిరుగుతున్నాం.

వార్డు కమిటీ విషయంలో ఓడిపోయాం. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణంలో స్పష్టంగా చెప్పింది. వాటిలో ఎవరుండాలో, ఎలా ఎంపిక చేయాలో మాత్రం రాష్ట్ర శాసనసభలకు వదిలేసింది. ఆ సందులోంచే అసలు ఉద్దేశం జారిపోయిందని నా అభిప్రాయం. మన వార్డులో కమిటీ సమావేశం జరిపించాలని, దాని మినిట్స్ బయట పెట్టాలని అడిగాం. జవాబు రాలేదు. మళ్లీ అడుగుతాం.

కార్యకర్తలు తగ్గిపోయారన్నది కూడా ఈ సభకు చెప్పాలి. మొదట్లో ఉత్సాహంగా వచ్చిన యువకుల్లో చాలామంది ఏడాది సగానికే ఆగిపోయారు. తప్పు వాళ్లది కాదు. అర్ధరాత్రి సందేశాలు, ప్రతి పనికీ అవే నాలుగు ముఖాలు, ఒకరికి జ్వరం వస్తే మొత్తం ఆగిపోవడం. ఇకపై ఎవరికీ నెలకు రెండు ఆదివారాలకు మించి పని అప్పగించం. ప్రతి పనికీ ఇద్దరు బాధ్యులుంటారు.

వచ్చే నగరపాలక ఎన్నికల్లో సంఘం తరఫున అభ్యర్థిని నిలబెట్టాలని కొందరు సభ్యులు కోరారు. రాజకీయం అంటరానిదని నేను అనుకోను. 1996లో పౌర ఉద్యమంగా మొదలైన లోక్‌సత్తా పదేళ్ల తరువాత, 2006లో పార్టీ అయింది. ఆ మార్పు గురించి మన పెద్దల్లో నేటికీ రెండు అభిప్రాయాలున్నాయి. కార్యవర్గం మాత్రం ఇప్పటికి నిలబెట్టవద్దని నిర్ణయించింది. సభ్యులు వ్యక్తిగతంగా ఏ పార్టీలోనైనా పని చేయవచ్చు, పోటీ చేస్తే కార్యవర్గ పదవి వదులుకోవాలి. అభ్యర్థులు తమ కేసులు, ఆస్తులు వెల్లడించి తీరాలని సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల్లో చెప్పింది కనుక, ఎన్నికల వేళ మన వార్డు అభ్యర్థుల అఫిడవిట్లను వీధి మలుపులో, రోడ్డు కాగితాల్లాగే, అందరివీ ఒకే తీరుగా చదువుతాం.

ఇక సవరణ. రోడ్డు లోపం పట్టిన మేస్త్రీకి, సందులో గీత గీయించిన పెద్దావిడకు, గుంటలోకి దిగకుండానే తాడు విప్పుకున్న యువకుడికి, వంతెన కింద పడుకునేవారికి ఈ రోజు ఈ గదిలో ఓటు లేదు. ముగ్గురు మన ఆహ్వానం మీద వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. నియమావళిలో "వార్డులో సొంత ఇల్లు కలిగినవారు" అన్న మాటలు తీసేసి, "వార్డులో నివసించేవారు లేదా వార్డులో పని చేసి జీవనం సాగించేవారు" అని చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను. సభ్యత్వ రుసుము కట్టలేనివారికి మినహాయింపు ఉండాలి. కార్యవర్గంలో కనీసం మూడో వంతు స్థానాలు అద్దెకుండేవారికి, విక్రయదారులకు, కార్మికులకు కేటాయించాలి. సవరణకు మూడింట రెండు వంతుల ఆమోదం కావాలి. ఓటు చీటీలు కోశాధికారి దగ్గర ఉన్నాయి. లెక్కింపు అందరి ముందే జరుగుతుంది.

మీ కార్యదర్శి