రేపటి నుంచి తాకి నేర్చుకునే ఆటలు

టీచర్లకు, అమ్మలకు నమస్తే. ఈ వారం అనంతపురం అంగన్‌వాడీ పిల్లలతో తాకుడు సంచి ఆడిద్దాం. దిండు గలీబు ఒకటి చాలు. అందులో నాలుగే వస్తువులు: చెంచా, కొబ్బరి పీచు, గోనెపట్ట ముక్క, దూది. అవే నాలుగు ఇంకో జత బిడ్డ ముందర పెట్టండి. "ఇలాంటిది తియ్యి నాన్నా" అని చూపించి, చెయ్యి లోపల పెట్టించండి. మొదటిరోజే పది వస్తువులు వేస్తే తడిమేది మాని తొంగి చూస్తారు. అన్నీ గట్టివే అయినా తికమకే, మెత్తనివీ గరుకువీ కలపండి.

వేలితో తాకి దిద్దే గరుకు అక్షరాలకు 120 నంబరు ఎమరీ పేపర్ (గరుకు కాగితం) తీసుకోండి. అంతకన్నా గరుకుది వేళ్లను గీరుతుంది. కాగితం వెనక గీస్తే అక్షరం తిరగబడుతుంది కాబట్టి అక్కడ అద్దంలో కనిపించినట్టు గీసి కత్తిరించండి. అట్టకు ఫెవికాల్‌తో అంటించి, పైన బరువు పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. సగం ఆరితే అంచులు లేస్తాయి, బిడ్డ వేలు అక్కడే ఆగిపోతుంది. చూపుడువేలు, నడిమివేలు కలిపి, రాసే దిక్కులోనే నెమ్మదిగా దిద్దించండి. ఆ దిక్కు తప్పితే ఈ శ్రమంతా వృథా. దిద్దేటప్పుడే శబ్దం పలకాలి. మొదట ర, గ, ట చాలు.

పళ్లెంలో పోసి తడిమించే ఆటకు జొన్నలు, చెనిక్కాయ విత్తనాలు మాత్రం మూడేళ్లలోపు పిల్లలకు అస్సలు వద్దు. ముక్కులో దూర్చుకుంటారు, గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకు చపాతీ పిండి ముద్ద ఇవ్వండి. పెద్దపిల్లలకు జొన్నల పళ్లెం పెట్టినా పక్కనే కూర్చోండి, చెనిక్కాయ విత్తనాలు వాళ్లకూ వద్దు.

తాకడానికి జంకే బిడ్డ చేతిని లాగి పెట్టకండి. ముందు ఆ పిండినో జొన్నలనో చెంచాతో కలపనివ్వండి.