మిద్దెతోటకు మన ఊరి సలహా కావాలి

సంపాదకులకు నమస్కారం.

మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. మూడేళ్ళుగా మిద్దె మీద టమోటా, వంకాయ, బెండ, ఆకుకూరలు, పెద్ద తొట్టిలో ఒక నిమ్మ మొక్క పెంచుతున్నాను. మట్టి మోయడం, నీళ్ళు పోయడం నాకు కష్టమనిపించలేదు. ఫోన్‌లో నమ్మదగిన సలహా దొరకడమే కష్టంగా ఉంది, నాలాంటి వాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

మొదటి ఏడాది ఒక వీడియో చూసి ఫిబ్రవరి చివర్లో టమోటా నారు నాటాను. చలి పోగానే నాటండి, రోజుకు ఎనిమిది గంటలు ఎండ తగలాలి అని అందులో చెప్పారు. ఆ మనిషి ఉండేది మంచు కురిసే దేశంలో, ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. మొక్కలు ఏపుగా పెరిగాయి, ఏప్రిల్‌లో పూత వచ్చింది, వచ్చింది వచ్చినట్టే రాలిపోయింది. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమోటాలో పుప్పొడి దెబ్బతిని పిందె కట్టదని తరువాత తెలుసుకున్నాను. మన వేసవిలో సిమెంటు మిద్దె ఎంత కాగుతుందో చెప్పక్కర్లేదు, అక్కడ మొక్కకు కావలసింది నీడ వల గానీ ఎనిమిది గంటల ఎండ కాదు. ఆయన చెప్పింది ఆయన ఊరికి సరైనదే.

తెలుగు వీడియోలైనా మేలు అనుకుంటే, నేను చూసినవాటిలో ఎక్కువ భాగం హైదరాబాద్ వాళ్ళవి. వాళ్ళకు వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మనకు అసలు ముసురు అక్టోబరు, నవంబరులో, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. వానలు వెళ్ళాయి, ముల్లంగి, క్యారెట్ వేసుకోండి అని వాళ్ళు చెప్పే రోజుల్లోనే మనకు వాయుగుండాలు మొదలవుతాయి. రెండో ఏడాది నా ముల్లంగి అంతా నీళ్ళు నిలిచి కుళ్ళిపోయింది.

వీటివల్ల పోయింది నాలుగు రోజుల కష్టమే. నన్ను నిజంగా భయపెట్టింది నిమ్మ మొక్క విషయం. కొత్త చిగుళ్ళ మీద వెండి గీతల్లాంటి చారలు వచ్చి ఆకులు ముడుచుకుపోతుంటే వెతికాను. ఒకరు ఎప్సమ్ సాల్ట్ వేయమన్నారు, ఇంకొకరు అరటి తొక్కల నీళ్ళు పోయమన్నారు, మూడో వీడియోలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఎన్ని మిల్లీలీటర్లు కలపాలో చూపించి వంకాయకీ బెండకీ కూడా ఇదే కొట్టుకోండి అన్నారు. ఆ మందును కూరగాయల మీద వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది. ఆ మాట తెలియని అమ్మాయి ఎవరైనా ఆ వీడియో చూసి, అదే చెట్టు వంకాయలు కోసి పిల్లలకు వండి పెడితే? ఇప్పటికీ ఆ ఆలోచన వస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది.

చివరికి మా మరిది చెబితే కిసాన్ కాల్ సెంటర్‌కు, 1800-180-1551కి ఫోన్ చేశాను. అది పొలం ఉన్నవాళ్ళకే అనుకున్నాను, కుండీ మొక్క అని చెప్పినా విసుక్కోలేదు, తెలుగులోనే మాట్లాడారు. మొక్క వయసెంత, చిగురు ఎప్పుడు వేసింది, పురుగు ఏమైనా కనిపించిందా అని ముందు అడిగారు. ఇన్ని వీడియోల్లో ఒక్కరూ అడగని ప్రశ్నలవి! అది ఆకుతొలుచు పురుగు, పాడైన చిగుళ్ళు తుంచేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టమన్నారు. ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేవి సీతాకోకచిలుక పిల్లపురుగులని, వాటిని చేత్తో ఏరేస్తే చాలని చెప్పారు. అలాగే చేశాను, తరువాతి చిగురు శుభ్రంగా వచ్చింది.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటైంది. చెప్పే మనిషి ఏ ఊరు, ఏ నెలలో చెబుతున్నాడు అన్నది ముందు చూస్తాను. కొలత చెప్పకుండా కొంచెం వేయండి అంటే వదిలేస్తాను. కింద అదే మందు అమ్మకానికి లింకు పెట్టి ఉంటే అస్సలు నమ్మను. ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్‌లు పేరు వరకు పనికొస్తాయి, మందు మోతాదు మాత్రం ఎకరం లెక్కలో ఇస్తాయి, అది కుండీకి సరిపోదు. విత్తనాలకు బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు. వాళ్ళ అర్క రక్షక్ టమోటా ఆకుముడత వైరస్‌ను కూడా తట్టుకునే రకం, కాకపోతే హైబ్రిడ్ కాబట్టి దాని కాయల్లో గింజలు దాచుకుని మళ్ళీ వేస్తే అదే గుణం రాదు.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ అగ్రిటెక్ పోర్టల్. అది తమిళంలో, ఇంగ్లీషులో ఉంది. మా పక్కింటి తమిళ అక్క చదివి చెబుతుంది, నేను నోటు పుస్తకంలో తెలుగులో రాసుకుంటాను. వాళ్ళ ఆడి పట్టం, అంటే తమిళుల ఆడి నెలలో (జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా) విత్తే అదను, మన చిత్తూరు వైపు పెద్దవాళ్ళకూ తెలిసిందే, వానల తీరు కూడా చాలావరకు మనకు కలుస్తుంది.

కానీ తిరుపతిలో ఉండి ఇంకో రాష్ట్రం సలహా అనువాదం చేయించుకోవడం ఎందుకు? ఇక్కడ ఎస్.వీ. వ్యవసాయ కళాశాల ఉంది, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం కింద నిమ్మజాతి పండ్ల కోసం ప్రత్యేకంగా పరిశోధనా స్థానం ఉంది. నా నిమ్మ మొక్కకు ఏం జబ్బో చెప్పగలిగినవాళ్ళు మా ఇంటి నుంచి ఆటోలో పోయేంత దూరంలోనే ఉన్నారు! వాళ్ళ దగ్గరున్నదంతా అడగడం లేదు. నెలకు ఒక్క పేజీ తెలుగులో పెడితే చాలు: ఈ నెల మన జిల్లాలో మిద్దె మీద ఏం విత్తాలి, ఏ పురుగు వస్తుంది, ఏది లీటరుకు ఎంత, కొట్టాక ఎన్ని రోజులకు కోయాలి, ఏ మందులు ఇంటి తోటలో వాడనే కూడదు. పేజీ కింద, అది రాసిన శాస్త్రవేత్త పేరు, తేదీ ఉండాలి.

ఆ పేజీని మీ జిల్లా ఎడిషన్‌లో నెలకోసారి వేయమని మిమ్మల్ని కోరుతున్నాను. ఫోన్ చూడటం రాని మా అత్తలాంటి వాళ్ళు పేపరు కత్తిరించి గోడకు అంటించుకుంటారు. జూలై మొదట్లో మొదటిది వస్తే ఆడి విత్తనాలకు అందుతుంది.

ఇట్లు,
ఒక మిద్దెతోట గృహిణి,
ఎం.ఆర్.పల్లి, తిరుపతి