పీవీ సమాధి దగ్గర మా పిల్లలు అడిగిన ప్రశ్న: పర్యాటక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

తెలంగాణ పర్యాటక శాఖ మంత్రిగారికి నమస్కారం.

నేను హనుమకొండ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. పోయిన డిసెంబరులో పదో తరగతి పిల్లల్ని హైదరాబాద్ టూరుకు తీసుకొచ్చాం. గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ అయిపోయాయి. ఇక లుంబినీ పార్కుకే అని పిల్లలు గోల చేస్తుంటే, నెక్లెస్ రోడ్డు మీద మాజీ ప్రధాని పీవీ నరసింహారావు సమాధి ఉన్న పీవీ జ్ఞానభూమి దగ్గర బస్సు ఆపించాను. మా లిస్టులో అది లేదు. పది నిమిషాలే అని డ్రైవర్‌ను బతిమాలుకున్నాను. ముప్పావు గంట ఉండిపోయాం.

చెప్పులు విప్పి వచ్చిన ఒకమ్మాయి సమాధి రాతి మీద అరచేయి ఆనించి అడిగింది: "సార్, వంగర మా అమ్మమ్మ వాళ్ల ఊరు. ఈయన ఆ ఊరాయనేనా?"

అవునన్నాను.

"మరి నెహ్రూ, శాస్త్రి, ఇందిరాగాంధీల సమాధులు ఢిల్లీలో ఉన్నాయన్నారు కదా. ఈయనది ఇక్కడెందుకుంది?"

2004 డిసెంబర్ 23న ఢిల్లీలోనే కన్నుమూశారనీ, 25న ఈ హుస్సేన్‌సాగర్ ఒడ్డున అంత్యక్రియలు జరిగాయనీ చెప్పాను. ఢిల్లీలో కాంగ్రెస్ పార్టీ కేంద్ర కార్యాలయం గేటు బయటే ఆయన పార్థివదేహం ఆగిపోయిన సంగతి చెప్పేటప్పుడు నా గొంతు పట్టేసింది. 2024లో భారతరత్న వచ్చిందని చెబితే, "అప్పటికి ఇరవై ఏళ్లా సార్!" అన్నారు పిల్లలు.

నేనూ గురుకులంలో చదివినవాణ్ణే. మా అమ్మానాన్నలు కూలీలు. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పీవీ ముఖ్యమంత్రిగా ఉన్న హయాంలో మొదలుకాకపోతే నా చదువు ఏమయ్యేదో ఊహించలేను. దేశం బంగారం తాకట్టు పెట్టుకున్న 1991లో ఆయన ప్రధాని అయ్యారు. ఇంటికి ఫోన్ కావాలంటే ఏళ్ల తరబడి కాచుకున్న రోజులవి. ఈ మాట చెప్పగానే పిల్లలు చెవులు రిక్కించారు. పాఠంలో ఆర్థిక సంస్కరణలు అని ఎన్నిసార్లు చదివించినా రాని శ్రద్ధ అది.

అందుకే అడుగుతున్నాను. ఆయన జయంతి జూన్ 28న, వర్ధంతి డిసెంబర్ 23న పెద్దలు వచ్చి పూలు చల్లడం ఒక్కటే చాలదు. హైదరాబాద్ వచ్చే స్కూలు టూర్లలో జ్ఞానభూమిని తప్పనిసరి చేసేలా విద్యాశాఖతో మాట్లాడండి. పిల్లలు వచ్చే వేళకు ఆయన గురించి తెలుగులో, ఉర్దూలో చెప్పగలిగిన మనిషిని అక్కడ ఉంచండి. రిటైరైన టీచర్లను అడిగి చూడండి, ఎంతోమంది ముందుకొస్తారు. ముందు గురుకులాల పిల్లలతో మొదలుపెట్టండి. వాళ్లకు ఆయన దగ్గరి మనిషి.

ఈ డిసెంబరులోనూ మా టూరు ఉంది. ఈసారి జ్ఞానభూమిని లిస్టులో మొదటే రాసుకున్నాం.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
హనుమకొండ జిల్లా