పిల్లల చేతుల మీదుగా

ప్రియమైన రామానికి,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. నా మోకాలి నొప్పి మాత్రం ఎప్పటిలాగే ఉంది. మిగిలిన కబుర్లకు ఇప్పుడు ఓపిక లేదు, ఒక సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేట్టు లేదు.

బుధవారం నాడు మనవరాలికి టీకా వేయించడానికి వెళ్లాం. నర్సమ్మ పెట్టె తెరిచి, మంచు ప్యాకెట్ల నడుమ నుంచి సీసా తీస్తూ, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తప్పితే మందు పాడైపోతుందని చెప్పింది. మరి ఐసు పెట్టెలే లేని కాలంలో టీకా సముద్రాలను ఎలా దాటిందా అని ఇంటికి వచ్చి వెదికాను. పిల్లల చేతుల మీద దాటింది, రామం!

1803 నవంబరు 30న స్పెయిన్‌లోని లా కొరున్యా రేవు నుంచి బాల్మిస్ అనే వైద్యుడు 22 మంది మగపిల్లలతో అమెరికా ఖండానికి ఓడ ఎక్కాడు. వాళ్లు అనాథాశ్రమాల పిల్లలు. ఇద్దరికి ఆవు మశూచి రసం ఎక్కించి, తొమ్మిది పది రోజులకు పొక్కు పండగానే అందులోని రసాన్ని మరో ఇద్దరికి ఎక్కించడం, అలా ఆవలి తీరం చేరేవరకూ ఆ గొలుసు తెగకుండా చూడడం! ఒక పొక్కు చితికిపోయినా రెండోది ఉంటుందని ఇద్దరేసి. ఆవు మశూచి మనిషికి పెద్దగా హాని చేయదు. కాని దానికీ అసలు మశూచికీ ఎంత దగ్గరి పోలికంటే, ఒకదాన్ని ఎదిరించిన ఒళ్లు రెండోదాన్ని కూడా గుర్తుపట్టి తరిమేస్తుంది.

మశూచి ఇప్పుడు భూమ్మీదే లేదు కదా, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది కదా, ఇక తప్పేముందని నువ్వు అడుగుతావు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని అడ్డు చెప్పడానికి తల్లీ తండ్రీ లేని పిల్లలే దొరికారేమి? స్పెయిన్ రాజు వాళ్ల పోషణ, చదువు చూస్తానన్నాడు, నిజమే. అయితే ఆ ఒప్పందం కుదిరింది పిల్లలతో కాదు. ఇంతలో, వాళ్లను సాకుతూ వెంట వెళ్లిన ఇసబెల్ సెందాల్ తన సొంత కొడుకును కూడా ఆ 22 మందిలో చేర్చిందని చదివి, నా కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది.

మన దేశంలోనూ ఇదే దారి. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల అన్నా డస్ట్‌హాల్ చేతికి తొలి టీకా పడింది. ఆ పాప పొక్కు నుంచి మొదలైన గొలుసు చేయి చేయీ మారి మన హైదరాబాదు దాకా వచ్చింది. ఏ కులం వాడి చేతి రసం ఎవరి ఒంట్లోకి ఎక్కుతుందోనని ఆ రోజుల్లో ఎంత గొడవ పడ్డారో! కులం సంగతి అలా ఉంచు, చేయి మారేటప్పుడు వేరే రోగాలు అంటుకునే ప్రమాదం మాత్రం నిజంగానే ఉండేది.

టీకాల ఆయన బడికి వచ్చిన రోజున గడ్డివాములో దూరి, తుమ్మి దొరికిపోయిన వీరుడు గుర్తున్నాడా? నీ భుజం మీది మచ్చ ఇంకా అలాగే ఉందా? అప్పుడు మనల్ని కూడా ఎవరూ అడగలేదు. నిన్న మనవరాలు ఏడుస్తుంటే రెండు చేతులూ కదలకుండా పట్టుకున్నది నేనే, మళ్లీ నెల తీసుకువెళ్లేదీ నేనే, అయినా ఆ 22 మంది...

పోస్టు కట్టే వేళయింది, అబ్బాయి వాకిట్లో నిలబడి తొందర పెడుతున్నాడు.

నీ
సూర్యం